మినీ సగం, ప్రిములా సగం

ఆటోమొబైల్ వైవాలో సార్ అడిగారు, "ఇంజన్ అడ్డంగా, డ్రైవ్ ముందు చక్రాలకి. ఈ లేఅవుట్ ఎవరిది?" "మినీ సార్" అన్నాను ధైర్యంగా. "సగమే కరెక్ట్" అన్నారు. మిగతా సగం కోసం వెతికితే తేలిన కథ ఇది.

1956లో సూయజ్ గొడవ వచ్చింది. బ్రిటన్‌లో పెట్రోలుకి రేషన్ పెట్టారు. జనం బుల్లి బుల్లి జర్మన్ కార్లు కొనడం మొదలెట్టారు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ పెద్ద లెనార్డ్ లార్డ్‌కి అవంటే ఒళ్ళుమంట. డిజైనర్ అలెక్ ఇసిగోనిస్‌ని పిలిచి, నిఖార్సైన చిన్న కారు ఒకటి చెయ్యమన్నాడు. షరతు ఒకటే: ఇంజన్ మాత్రం కంపెనీలో ఉన్నదే వాడాలి.

కారు పొడవు పది అడుగులు. అందులోనే నలుగురూ, వాళ్ళ సామానూ పట్టాలి. ఇంజన్ని అడ్డంగా తిప్పితే పొడవు కలిసొస్తుంది. డీకేడబ్ల్యూ వాళ్ళు 1931లోనే అలా పెట్టారు కానీ, వాళ్ళది రెండు సిలిండర్ల ఇంజన్. ఇక్కడ నాలుగు. ఆ వెడల్పులో పక్కన ఇక గేర్‌బాక్స్ పట్టదు. ఇసిగోనిస్ ఏం చేశాడంటే, గేర్‌బాక్స్‌ని ఇంజన్ కింద, సంప్‌లోనే పెట్టేశాడు! 848 సీసీ ఇంజన్, 10 అంగుళాల చక్రాలు, స్టీలు స్ప్రింగుల బదులు అలెక్స్ మోల్టన్ చేసిన రబ్బరు కోన్లు. 1959 ఆగస్టులో మినీ రోడ్డెక్కింది.

తిప్పలూ ఉన్నాయి. డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా గ్రిల్ వెనకే ఉండడంతో జోరువానలో తడిసి ఇంజన్ మొరాయించేది. అది చిన్న విషయం, ఒక అడ్డు పెడితే సరిపోతుంది. అసలు చిక్కు సంప్‌లో ఉంది. ఇంజన్‌కీ గేర్లకీ ఒకటే ఆయిల్. ఇంజన్ వేడి, మసి తిన్న ఆయిల్‌నే గేర్లు నలగ్గొడుతుంటాయి. గేర్‌బాక్స్ రిపేరుకొస్తే ఇంజన్‌తో సహా బయటికి దించాల్సిందే.

ఇటలీలో డాంటే జియకోసా దీనికి వేరే దారి పట్టాడు. ఫియట్ 500 డిజైన్ చేసింది ఈయనే. క్లచ్ మెకానిజాన్ని కుదించి, గేర్‌బాక్స్‌ని ఇంజన్ చివర వరసలోనే బిగించాడు. దాంతో డిఫరెన్షియల్ ఒక పక్కకి జరిగి, డ్రైవ్‌షాఫ్టుల్లో ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది అయింది. అయితే అయిందన్నాడు! ఆయిళ్ళు వేరయ్యాయి. ఫియట్‌కి మాత్రం గుండె చాల్లేదు. 1964లో ఆటోబియాంకి ప్రిములా అని వేరే బ్రాండు మీద వదిలింది. నమ్మకం కుదిరాకే, 1969లో ఫియట్ 128 తన పేరుతో తెచ్చింది.

మినీ ర్యాలీలు గెలిచింది, సినిమాల్లో కనిపించింది. ప్రిములా పేరు మన క్లాసులో ఎంతమంది విన్నారు? నా లెక్కలో పెద్ద మార్కు జియకోసాకే.

ఈసారి ఎక్కడైనా మారుతి 800 బానెట్ ఎత్తి ఉంటే తొంగిచూడండి. గేర్‌బాక్స్ ఇంజన్ కింద ఉండదు, పక్కనే ఉంటుంది.