పాలన మీద ఆసక్తి ఉంటే అశోక్‌నగర్ ఒక్కటే దారా?

పిల్లాడు పేపర్లో అసెంబ్లీ వార్తలు శ్రద్ధగా చదివితే చాలు, సివిల్స్ రాయించాలని ఇంట్లో తీర్మానం అయిపోతుంది. అది కాకపోతే గ్రూప్స్. రెండింటికీ కోచింగ్ అడ్డా హైదరాబాద్‌లోని అశోక్‌నగరే. ఆ పిల్లాడే పొలిటికల్ సైన్స్‌లోనో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లోనో పీహెచ్‌డీ చేస్తానంటే మాత్రం ‘ఇంకా ఎన్నాళ్లు చదువు? ఎవరు పోషిస్తారు?’ అని మొదలుపెడతారు. ఫెలోషిప్ తెచ్చుకుంటే ప్రభుత్వమే పోషిస్తుంది. ఆ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000 వస్తాయి. ఇంటి అద్దె భత్యం అదనం. మొత్తం గడువు ఐదేళ్లు. ఆ తర్వాత విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే ప్రారంభ మూలవేతనం రూ.57,700. కొత్తగా చేరిన ఐఏఎస్‌ది రూ.56,100. అధికారం, హోదా వేరే కావచ్చు, కానీ ‘పీహెచ్‌డీ అంటే ఉద్యోగం రానివాళ్ల పని’ అనే మాట ఈ అంకెల ముందు నిలవదు. లక్షల మంది రాసిన 2024 సివిల్స్‌లో దేశం మొత్తమ్మీద ఎంపికైంది 1,009 మంది. మిగతావాళ్ల ఫొటోలు ఏ కోచింగ్ హోర్డింగ్ మీదా కనిపించవు.

అందరూ పరిశోధనకే రావాలని నేను అనను. ముందు పిల్లల తత్వం చూడండి. జీవో అమలు చేయడం ఇష్టమా, ఆ జీవో ఊళ్లోకి వెళ్లాక ఏమైందో తెలుసుకోవడం ఇష్టమా? ఉదాహరణకు, తెలంగాణలో 2016లో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, తర్వాత 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. కలెక్టరాఫీసు దగ్గరైంది సరే, జనం పని సులువైందా? ఈ ఒక్క ప్రశ్న మీదే మంచి థీసిస్ రాయొచ్చు. ఇలాంటి పరిశోధనతోనే ఎదిగినవాళ్లున్నారు. పంచాయతీరాజ్ మీద పరిశోధించిన ఉస్మానియా ఆచార్యుడు జి.రాంరెడ్డి దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వీసీ అయ్యారు, తర్వాత యూజీసీ ఛైర్మన్ కూడా అయ్యారు.

నెట్ రాయడానికి అర్హత సంగతి ఒక్క మాటలో: పీజీలో 55 శాతం (రిజర్వుడు వర్గాలకు 50), లేదా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుండాలి. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు. మహిళలకు, బీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది.

ఇక జాగ్రత్తలు. మొదటిది కోచింగ్. నెట్‌లో మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100. నెగటివ్ మార్కులు లేవు. పీజీ పాఠాలు అర్థం చేసుకుని చదివినవాళ్లకు పాత ప్రశ్నపత్రాలు, ఆరు నెలల క్రమశిక్షణ చాలు. ‘మా దగ్గర ఇంతమంది నెట్ క్వాలిఫైడ్’ అన్న ప్రకటన చూసి డబ్బు కట్టకండి. నెట్ ఫలితంలో మూడు తరగతులుంటాయి. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకే ఫెలోషిప్ డబ్బు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గానీ, పీహెచ్‌డీ ప్రవేశ అర్హతకు గానీ పైసా రాదు. ప్రకటనల్లో ఈ మూడింటినీ కలిపేసి చూపిస్తారు.

రెండోది ఇంకా ప్రమాదం. ఫెలోషిప్ లేకుండానే, ఫీజు ఎదురుకట్టి ఎక్కడో ఒకచోట పీహెచ్‌డీలో చేరిపోవడం. ‘థీసిస్ మేమే చూసుకుంటాం’ అనే దళారులుంటారు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో 60 శాతానికి మించి కాపీ తేలితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేసిన పీహెచ్‌డీ చెల్లదు. డబ్బిచ్చి జర్నల్లో వ్యాసం వేయించుకోవాల్సిన పనీ లేదు. థీసిస్ సమర్పణకు ముందు ప్రచురణ తప్పనిసరి అన్న నియమాన్ని యూజీసీ 2022లోనే తీసేసింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివాళ్లకు నెలకు రూ.8,000 ఇస్తారు. హైదరాబాద్ అద్దెలకు అది ఏ మూలకూ చాలదు.

మూడోది జేఆర్‌ఎఫ్ డబ్బుతో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదవడం. దీన్ని తెలివైన ఏర్పాటుగా భావించే తల్లిదండ్రులున్నారు. ఐదేళ్ల తర్వాత చేతిలో థీసిస్ ఉండదు, పోస్టింగ్ ఆర్డరూ ఉండదు. రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోండి.

నాలుగోది విదేశాల మోజు. పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ అంటూ పొలం తాకట్టు పెట్టేస్తున్నారు. అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాల్లో సొంత ఖర్చుతో చదవాల్సింది ఎక్కువగా మాస్టర్సే. పొలిటికల్ సైన్స్, పబ్లిక్ పాలసీ పీహెచ్‌డీలకు సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, ఏటా స్టైపెండ్ ఇస్తారు. డబ్బిస్తామని రాతపూర్వకంగా చెప్పని చోటికి పీహెచ్‌డీకి వెళ్లొద్దు. 2025లో కొన్ని అమెరికా వర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి కాబట్టి ఆ ఒక్క దేశాన్నే నమ్ముకోకండి. ఇక్కడే పీహెచ్‌డీలో చేరి, ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్‌తో కొన్ని నెలలు అక్కడ పరిశోధన చేసి రావడం నాకు నచ్చిన దారి. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు నిబంధనలు తప్పక చదవాలి. భారత సమాజం, చరిత్ర, సంస్కృతి మీద పరిశోధనాంశాలను 2022లో దాని నుంచి మినహాయించారు. నా దృష్టిలో అది అన్యాయం.

నన్నడిగితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయం, బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ముందు చూడాలి. జేఆర్‌ఎఫ్ రాకపోతే భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) డాక్టోరల్ ఫెలోషిప్‌కు, ఎస్సీ, ఎస్టీ, బీసీ నేషనల్ ఫెలోషిప్‌లకు ప్రయత్నించాలి. విశ్వవిద్యాలయం పేరుకన్నా గైడ్ ముఖ్యం. ఆయన దగ్గర చేసినవాళ్లలో ఎందరు పూర్తిచేశారో, ఇప్పుడెక్కడున్నారో వాళ్లనే అడగండి. ఫెలోషిప్ డబ్బు నెలనెలా సమయానికి పడదు, నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటున్నాయన్నదీ నిజమే. అందుకే సర్వే, గణాంకాలు, మంచి రాత నేర్చుకుంటే పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థల్లోనూ అవకాశాలుంటాయి.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. నాలుగోసారి ప్రిలిమ్స్ పోయిన పిల్లను ఐదోసారి రాయమని పంపేముందు, ఆమెకు ఇష్టమైన ప్రశ్న ఏమిటో అడగండి. ఆ ప్రశ్నకు జీతం ఇచ్చే ఫెలోషిప్ ఉండొచ్చు.