పప్పన్నము ఎన్నడు?
(పెండ్లికానివారితో మన మాటలనుగూర్చిన పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: 1 కొరింథీయులకు 7వ అధ్యాయము, ఆదికాండము 24వ అధ్యాయము, యోబు 2:11–13



ఆదివారమున ఆశీర్వాదము ముగియగానే మన గుడి వాకిట వినబడు మాట యొకటి కలదు: “ఏం బిడ్డా, పప్పన్నం ఎన్నడు పెడ్తవ్?” అడుగువారు దానిని ప్రేమతోనే అడుగుదురు. అయితే వినువారి హృదయములో అది ఎట్లు దిగుచున్నదో ఈ నెల ఆలోచింతము.

మన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతపు సంఘములలో పెండ్లి ఆలస్యమగుటకు గల కారణములు మనమెరుగనివి కావు. అన్న గల్ఫ్ దేశమునకు పోయి అప్పు తీర్చుచుండగా, ఇంట చెల్లెలు బీడీలు చేసి తల్లిని సాకుచుండును. తండ్రిని పోగొట్టుకొనిన యువకుడు తమ్ముళ్లను చదివించుచుండును. కట్నమడుగుటచేత సంబంధములు తప్పిపోయిన యిండ్లు కలవు. ఒంటరిగానే ప్రభువును సేవింపగోరువారును కలరు. మనమైతే కారణమడుగకయే, “ఎక్కువ చదివితే పిల్లగాడు దొరకడు”, “ఏదో ఒక సంబంధం ఒప్పుకో”, “నీకు విశ్వాసం తక్కువ” అని చెప్పుచున్నాము.

ఈ తప్పిదము మేమును చేసితిమి. మా సంఘములో ఒక సహోదరి కొన్ని నెలలు ఆశీర్వాదమునకు ముందే లేచి వెళ్లిపోవుచుండెను. భక్తి తగ్గినదని తలంచితిమి. తుదకు అడుగగా, “వాకిట మీ ప్రశ్నలకు జవాబు చెప్పలేక పోతున్న” అనెను. దేవుని ఆశీర్వాదమునకు ఆమెను దూరపరచినవి మా మాటలే అని తెలిసికొని సిగ్గుపడితిమి.

1. పౌలు మాటలాడిన విధము. కొరింథీయులు వ్రాసి అడిగిన సంగతులకే పౌలు ఈ అధ్యాయములో ఉత్తరమిచ్చెను (7:1). పెండ్లికానివారినిగూర్చి తనకు ప్రభువు ఆజ్ఞ లేదని ఒప్పుకొని, తన తలంపును తన తలంపుగానే చెప్పెను (7:25). వారికి ఉరి వేయుట తన ఉద్దేశము కాదనియు తెలిపెను (7:35). అపొస్తలుడే తన అభిప్రాయమును ప్రభువు ఆజ్ఞనుండి వేరుచేసి చెప్పగా, మన యింటి అనుభవమును దేవుని చిత్తమని చెప్పుటకు మనమెవరము?

2. అబ్రాహాము దాసుడు నడచిన విధము. అతడు తనంతట తాను బయలుదేరలేదు. యజమానుడు పంపగా వెళ్లెను. బావియొద్ద మొదట ప్రార్థించెను. తరువాత మౌనముగా కనిపెట్టెను (24:21). పెద్దలు మాటలాడుకొనిన పిమ్మట సహితము, వెళ్లుదువా అని రిబ్కానే అడిగిరి (24:58). సంబంధము చూచుట మంచి పనియే. అయితే ఆ యింటివారు కోరవలెను, మనము ప్రార్థింపవలెను, పిల్లవాని మనస్సును పిల్ల మనస్సును అడుగవలెను.

3. యోబు స్నేహితుల తప్పు. ఏడు దినములు ఊరకుండి అతనితో నేలమీద కూర్చున్నంతకాలము వారు మంచి స్నేహితులే. నోరు తెరచి అతని కష్టమునకు కారణములు చెప్పసాగిన తరువాతనే బాధించువారైరి. కడపట దేవుడు వారిమీద కోపించెను (42:7).

పెండ్లి లేని జీవితము కొరతపడిన జీవితమని యెవరు చెప్పగలరు? 1883లో మన తెలుగుదేశమునకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అవివాహితగానే గుంటూరులో రోగులకు సేవచేసి, 1930లో అక్కడనే ప్రభువునందు నిద్రించెను. ఆమె స్థాపించిన ఆసుపత్రిలో ఎందరు తల్లులు తమ బిడ్డలను ఎత్తుకొనిరో తలంచుడి.

అట్లయిన పెద్దలు ఊరకుండవలెనా? కాదు. మాటలాడవలసిన చోట్లు ఉన్నవి. గుడిలో వివాహ ప్రకటన చదువునప్పుడు, న్యాయమైన ఆటంకము తెలిసినవారు చెప్పవలెను. పిల్లకు 18, పిల్లవానికి 21 ఏండ్లు నిండకయే పెండ్లికి తొందరపెట్టుచున్న యెడల అడ్డుపడవలెను. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 చట్టముచే నేరములు గనుక, ఆ మాట వచ్చినచోట ధైర్యముగా ఖండింపవలెను. వాకిట వేయి సలహాలిచ్చి, కట్నపు బేరమునొద్ద నోరు మూసికొనుట ప్రేమ కాదు.

ఈ నెల మనము చేయదగిన పనులు మూడు. పెండ్లికాని సహోదరుని, సహోదరిని మన యింటికి భోజనమునకు పిలిచి, వారి పనినిగూర్చి, ఆరోగ్యమునుగూర్చి అడుగుదము. వారు అడిగిననాడే సలహా చెప్పుదము. బాధపెట్టిన మాట జ్ఞాపకమునకు వచ్చిన యెడల, వెళ్లి క్షమాపణ అడుగుదము.

కూటములో మాటలాడుకొనుటకు: మన మాటవలన గుడికి రాక నిలిచిపోయినవారు ఎవరైన కలరా? వారి యొద్దకు ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన: ప్రభువా, పెండ్లియింట సంతోషించినవాడవును, ఒంటరిగా జీవించినవాడవును నీవే. మా నాలుకలకు కావలియుండుము. మేము నొప్పించినవారిని మరల నీ మందిరమునకు చేర్చుము. ఆమేన్.