స్విచ్ ఆపితే కరెంటు పోయినట్టేనా?



ఎండలు ముదిరాక చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: "ఫ్యాన్ అయిదులో పెట్టినా గాలి రావడం లేదు." ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే రేపంటారు, ఎల్లుండంటారు. పిల్లలకు రాత్రి నిద్ర ఉండదు. దాంతో మనమే స్టూలెక్కి స్క్రూడ్రైవర్ పట్టుకుంటాం. కింద మన పిల్లలు నిలబడి చూస్తుంటారు. ఆ అరగంటలో వాళ్లు మన దగ్గర ఏం నేర్చుకుంటారన్నదే ఈ నెల పాఠం.

ముందుగా ఒక సంగతి. మన దేశ విద్యుత్ భద్రతా నియమాల ప్రకారం 250 వోల్టులకు మించని ఇళ్ల కరెంటులో బల్బు, ఫ్యాన్, ఫ్యూజు, స్విచ్ లాంటివి ఉన్నవి ఉన్నట్టుగా మార్చుకోవచ్చు. అంతకు మించి కొత్త లైను లాగడం, వైరింగ్ మార్చడం లైసెన్సు ఉన్నవారి పని. మనం చేయగలిగిన దానికి హద్దు అక్కడే ఉంది.

లోపం ఎక్కడుంది?

విప్పే ముందు ఆలోచించాలి. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి నెమ్మదించాయంటే తప్పు వోల్టేజీది. ఒక్కటే నెమ్మదిస్తే ఆ ఫ్యాన్‌నే చూడాలి. కరెంటు ఆపేసి రెక్కను చేత్తో తిప్పండి. బరువుగా, గరగరమంటూ తిరిగితే బేరింగ్ పోయినట్టు. అది మెకానిక్ పని. తేలిగ్గా తిరుగుతూ, స్విచ్ వేసినప్పుడు మాత్రం మూలుగుతూ నెమ్మదిగా కదిలితే ఎక్కువసార్లు కారణం కండెన్సర్. పుస్తకాల్లో దీన్నే కెపాసిటర్ అంటారు.

దాని పని ఏమిటి? మన ఇంటికి వచ్చే సింగిల్ ఫేజు కరెంటుతో ఫ్యాన్ మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు. అందుకే మోటారులో రెండు చుట్టలు పెట్టి, ఒకదాంట్లోని కరెంటు రెండోదానికంటే కొంచెం ముందుగా నడిచేలా కెపాసిటర్ చూస్తుంది. ఆ తేడా వల్లే లోపల అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరిగి, రెక్కలను తిప్పుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడికి, కెపాసిటర్ సామర్థ్యం తగ్గుతుంది. ఫ్యాన్ జోరూ తగ్గుతుంది.

అసలు కష్టం

కెపాసిటర్ మార్చడం పెద్ద విద్య కాదు. కరెంటు నిజంగా పోయిందని తేల్చుకోవడమే కష్టం. ఫ్యాన్ ఆగింది కాబట్టి వైర్లలో కరెంటు లేదనుకోవడం ప్రమాదం. ఎందుకంటే:

1. కొన్ని ఇళ్లలో ఫేజు వైరుకు బదులు న్యూట్రల్ వైరును స్విచ్‌కు కలిపి ఉంటారు. అప్పుడు స్విచ్ ఆపితే ఫ్యాన్ ఆగుతుంది కానీ, పైన వైరులో 230 వోల్టులు అలాగే ఉంటాయి.

2. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మెయిన్ ఆపిన క్షణంలో అది కరెంటు పోయిందనుకుని తన పని మొదలుపెడుతుంది. ఇన్వర్టర్ లైను మీద సాధారణంగా ఉండేవి ఫ్యాన్లు, లైట్లే. అంటే మెయిన్ ఆపినా మనం పట్టుకునే వైరులో కరెంటు ఉంటుంది. పోనీ ఇన్వర్టర్ ఒక్కటే ఆపితే బయటి కరెంటు దాని గుండా వస్తూనే ఉండవచ్చు. కాబట్టి రెండూ ఆపాలి. అపార్ట్‌మెంటులో జనరేటర్‌కు వేరే లైను ఉంటే దాని ఎంసీబీ కూడా దించాలి.

3. టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని పూర్తిగా నమ్మడానికి లేదు. మన ఒంటి గుండా నేలకు వెళ్లే అతి స్వల్పమైన కరెంటుతోనే అందులోని చిన్న బల్బు వెలుగుతుంది. రబ్బరు చెప్పులతో ఎండిన చెక్క స్టూలు మీద నిలబడితే, కరెంటు ఉన్నా అది సరిగ్గా కనబడకపోవచ్చు.

అందుకే మూడు పరీక్షలూ చేయండి. ఒకటి, మెయిన్ ఆపకముందే పనిచేస్తున్న పాయింటులో పెట్టి టెస్టర్ వెలుగుతోందో చూడండి. రెండు, అన్నీ ఆపాక ఆ గదిలో ఫ్యాన్, లైటు స్విచ్‌లు వేసి, ఏదీ పనిచేయడం లేదని తేల్చుకోండి. మూడు, పైన కప్పు దించాక ఒక్క వైరు కాదు, ప్రతి వైరుకూ టెస్టర్ పెట్టండి. మెయిన్ దగ్గర ఇంట్లో పెద్దవారిని ఒకరిని నిలబెట్టండి. లేకుంటే "కరెంటు పోయినట్టుంది" అని ఎవరో వెళ్లి స్విచ్ వేస్తారు.

మార్చే పద్ధతి

ఊగని స్టూలు లేదా నిచ్చెన ఎక్కండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు. కప్పు స్క్రూ వదులు చేసి కిందికి జరిపితే కెపాసిటర్ కనిపిస్తుంది. వైర్లు ముట్టుకునే ముందు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. దుమ్ము పట్టిన వైర్లన్నీ విప్పాక ఒకే రంగులో కనబడతాయి. ఏది ఎక్కడిదో గుర్తుండదు.

కెపాసిటర్‌లో కొంత చార్జి మిగిలి ఉండవచ్చు. అయిదు నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ మొనను దాని రెండు కొనలకూ ఒకేసారి తాకించండి. పాతదాని మీద ఉన్న అంకెలు రాసుకోండి. ఎక్కువ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్ అని ఉంటుంది. పాతదాని మీద ఎంత ఉంటే అంతే కొనండి. పెద్దది వేస్తే ఎక్కువ గాలి వస్తుందని ఎవరైనా చెబితే వినకండి, మోటారు చుట్ట వేడెక్కి కాలిపోవచ్చు. కెపాసిటర్ రెండు వైర్లలో ఏది ఎటు కలిపినా తేడా లేదు. కలిపిన చోట రాగి బయటకు కనబడకుండా ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఫ్యాన్‌ను మోసే బోల్టును, దాని పిన్నును మాత్రం కదిలించవద్దు.

ఎక్కడ ఆగాలి?

వైరు నల్లగా మాడి ఉన్నా, కాలిన వాసన వచ్చినా, గోడకు చెమ్మ ఉన్నా, మీటరు వైపు పని అయినా, గీజరు ముట్టుకుంటే జిల్లుమన్నా అక్కడితో ఆగండి. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే దాని బదులు పెద్దది వేయించవద్దు. లోపలి వైరు కాలిపోకుండా కాపాడేది అదే.

ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే పడిపోతుందిలే అన్న నమ్మకం కూడా సరికాదు. 10 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 10,000 మిల్లీఆంపియర్లు దాటాలి. మనిషి ప్రాణానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. మనుషుల కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. ఇళ్లలో వాడేది 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేస్తుంది. మీ ఇంట్లో లేకపోతే ఫ్యాన్ బాగు చేయడం కన్నా ముందు అది పెట్టించండి.

ఎవరికైనా షాక్ తగిలితే వారిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. ఆపే వీలు లేకపోతే ఎండిన కర్రతో వైరును పక్కకు నెట్టాలి. వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఈ మూడు మాటలూ పిల్లలకు కంఠతా వచ్చి ఉండాలి.

ఈ నెల ఇంటి పని: మీరూ, మీ పిల్లలూ

* ఇంట్లోని ఎంసీబీలలో ఏది ఏ గదిదో కనిపెట్టి చీటీలు అంటించండి. ఎంసీబీ దించే పని పెద్దవాళ్లది, గదుల్లో చూసి చెప్పే పని పిల్లలది.

* ఆర్‌సీసీబీ మీది 'టి' బటన్ పెద్దవారు నొక్కి, అది పడుతోందో లేదో చూడండి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

* వాట్లను 230తో భాగించమనండి. 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టెకు సుమారు 4.3 ఆంపియర్లు, 2,000 వాట్ల గీజరుకు సుమారు 8.7. మరి గీజరును 6 ఆంపియర్ల ప్లగ్గులో ఎందుకు పెట్టకూడదో వాళ్లనే చెప్పమనండి. పదో తరగతి విద్యుత్ పాఠం ఇంట్లోనే మొదలవుతుంది.

పిల్లలు మన చేతి నైపుణ్యం కన్నా మన పద్ధతిని ఎక్కువగా చూస్తారు. టెస్టర్ మూడుసార్లు పెట్టి చూసిన నాన్నను, "ఇది మన వల్ల కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలుద్దాం" అన్న అమ్మను చూసి పెరిగిన పిల్లలు హాస్టల్ గదిలోనైనా, రేపు తమ సొంత ఇంట్లోనైనా తొందరపడి వైరు ముట్టుకోరు. ఫ్యాన్ ఒకరోజు ఆలస్యంగా తిరిగినా నష్టం లేదు.