అనేక డిస్కులలో చిత్రములను భద్రపరచు విధానము

నేడు పల్లెలలో గ్రామసభ జరిగినను, చెరువు పూడిక తీసినను, ఇంట పెండ్లి జరిగినను సెల్‌ఫోనులతో ఛాయాచిత్రములు, వీడియోలు తీయుచున్నాము. తీయుటలో చూపు శ్రద్ధ దాచుటలో చూపుట లేదు. ఫోను నిండగానే ఒక డిస్కులోనికి, అది నిండగానే మరియొక డిస్కులోనికి మార్చి బీరువాలో పడవేయుచున్నాము. సిమెంటు రోడ్డు వేయుటకు ముందు తీసిన చిత్రము కావలెనని మూడేండ్ల తరువాత తనిఖీ అధికారి అడిగినచో, అది ఏ డిస్కులో నున్నదో ఎవరికిని తెలియదు. తెలిసినను, ఆ డిస్కు పనిచేయునను నమ్మకము లేదు.

ఈ చిక్కు తీరుటకు డిస్కులన్నిటిని ఒక కంప్యూటరునకు అమర్చి, అందరును తమ ఫోనుల నుండియే చూచుకొనునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. దీనిని ఇంటి సర్వరు అందురు. ఇంటి చిత్రములకు సభ్యుని యింటను, పంచాయతీ చిత్రములకు కార్యాలయమునను పద్ధతి ఒక్కటియే.

డిస్కు శక్తి, దాని లోపము

1956లో ఐ.బి.యం. సంస్థ తొలి డిస్కు యంత్రమును విడుదల చేసినది. అందు రెండడుగుల వ్యాసము గల పళ్లెములు 50 ఉన్నను, పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేత నిముడు 4 టెరాబైట్ల డిస్కు 4 లక్షల కోట్ల ఇంగ్లీషు అక్షరములను పట్టును. అయినను అది తిరుగు యంత్రమే. ఏదో యొకనాడు, తరచుగా ముందు చెప్పకయే, ఆగిపోవును. కావున డిస్కు చెడునా యని గాక, చెడిననాడు ఏమి మిగులునని ఆలోచించి అమర్చుకొనవలెను.

పేరు పెట్టుట

మొదటి పని పేర్లు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 గ్రామ పంచాయతీలలో ఒకేనాడు గ్రామసభలు జరిగినవి. ఆనాటి చిత్రములుంచు ఫోల్డరునకు ‘2024-08-23 గ్రామసభ’ అని పేరు పెట్టవలెను. సంవత్సరమును ముందెందుకు వ్రాయవలెను? కంప్యూటరు పేర్లను ఎడమనుండి చదివి వరుస పెట్టును. తేదీ ముందున్నచో అన్ని నెలల 23వ తేదీలు ఒకచోట చేరి కలగాపులగమగును. సంవత్సరము, నెల, తేదీ అను క్రమమున వ్రాసినచో కాలక్రమము దానంతట అదియే ఏర్పడును.

డిస్కులను కలుపుట

డిస్కులను కలుపుటకు పద్ధతులు పెక్కు గలవు. వానిలో రెండింటి భేదమును సభ్యులు తప్పక గ్రహింపవలెను.

మొదటి పద్ధతిలో ప్రతి ఫైలును ముక్కలు చేసి అన్ని డిస్కులకును పంచుదురు. వేగము హెచ్చును. కాని, వేరే రక్షణ లేనిచో ఒక్క డిస్కు చెడినను ప్రతి పెద్ద ఫైలునందు కొంత ముక్క పోవును. అనగా సర్వము పోయినట్లే.

రెండవ పద్ధతిలో ప్రతి ఫైలు పూర్తిగా ఒకే డిస్కులో నుండును. చూచువారికి మాత్రము అన్నియు ఒకే ఫోల్డరుగా కనిపించును. మూడు గాదెలున్న కొట్టునకు ఒకే వాకిలి యున్నట్లు ఇది. ఒక గాదెకు చెద పట్టినను తక్కిన రెండింటి ధాన్యము నిలుచును. లినక్సు కంప్యూటర్లలో ఉచితముగా లభించు మెర్జర్‌ఎఫ్‌ఎస్ అను సాధనము ఈ విధముగా పనిచేయును. చిత్రములకు, వీడియోలకు ఈ పద్ధతియే మేలు.

ఇందును ఒక జాగ్రత్త గలదు. ఖాళీ యెక్కువగా నున్న డిస్కునకే ప్రతి ఫైలును పంపుమని నియమము పెట్టినచో, ఒకే సభ చిత్రములు మూడు డిస్కులలో చెదరిపోవును. అట్లుగాక ఒక సంవత్సరపు ఫోల్డరు ఒకే డిస్కులో నుండునట్లు చేసినచో, డిస్కు చెడిననాడు ఏ యేటివి పోయినవో వెంటనే తెలియును. ఏ డిస్కును అంచువరకు నింపరాదు.

లెక్క డిస్కు

చెడిన డిస్కును తిరిగి నింపుటకు ఒక ఉపాయము గలదు. మూడు డిస్కులలో 7, 5, 9 అను అంకెలున్నవనుకొందము. వాని మొత్తము 21ని నాలుగవ డిస్కులో వ్రాసి యుంచితిమి. రెండవ డిస్కు చెడినది. 21 నుండి 7ను, 9ని తీసివేసినచో పోయిన 5 తేలును. కంప్యూటరు కూడికకు బదులు సరి, బేసి లెక్క వేయును గాని సూత్రమిదియే. స్నాప్‌రెయిడ్ అను ఉచిత సాధనము దీనిని చేయును. లెక్క డిస్కు తక్కిన వానిలో పెద్దదానికి తక్కువ కారాదు. లెక్క వ్రాసిన తరువాత చేర్చిన ఫైళ్లకు మరల లెక్క వ్రాయువరకు రక్షణ లేదు. కావున ప్రతి రాత్రియు అది జరుగునట్లు ఏర్పాటు చేయవలెను. ఒక్క లెక్క డిస్కుతో ఒక్క డిస్కునే తిరిగి పొందగలము. ఒకేసారి రెండు చెడినచో అది చాలదు.

లెక్క నకలు కాదు

ఇచ్చటనే పలువురు పొరబడుచున్నారు. లెక్క డిస్కు యంత్రము చెడినప్పుడు కాపాడును గాని మనిషి పొరబాటును కాపాడలేదు. ఒకరు తెలియక ఫోల్డరును తుడిచివేసి, ఆ రాత్రి లెక్క మరల వ్రాయబడినచో అది ఇక తిరిగి రాదు. పిడుగునకు, దొంగకు, నీటికి అన్ని డిస్కులును ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో ఇండ్లలోనికి వచ్చినది. అట్టి నీట మునిగిన గదిలో నాలుగు డిస్కులున్నను ఒకటున్నను ఫలము సమానమే.

విత్తనపు ధాన్యమును తిండిగింజలతో కలిపి పోయుదుమా? అట్లే మరల తీయజాలని చిత్రములను వేరొక డిస్కులోనికి ఎక్కించి, వేరొక భవనములో ఉంచవలెను. సినిమాలు మరల దొరకును. వానికి నకలు అక్కరలేదు. గ్రామసభ తీర్మానపు వీడియో, పనులకు ముందు వెనుకల చిత్రములు, గతించిన పెద్దల కంఠస్వరములు మరల దొరకవు.

సభ్యులు చేయవలసినది

ఏ డిస్కులో ఏ సంవత్సరములున్నవో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. నకలు తీసిన తేదీని అందే వేయుడు. మూడు నెలలకొకసారి నకలు డిస్కును తెచ్చి, నాలుగైదు ఫైళ్లను తెరచి చూడుడు. తెరచి చూడని నకలును నమ్మరాదు. ఈ పని తెలిసినవారు గ్రామమున ఒక్కరే యుండరాదు, ఇద్దరికైనను నేర్పుడు. డిస్కులు కొన్నియేండ్లకు మారును, మనుష్యులును మారుదురు. పుస్తకము, నకలు, నేర్చిన చేతులు నిలిచినచో గ్రామపు జ్ఞాపకము నిలుచును.