ఇల్లు కట్టకముందే పెరడు గీయండి: 5 సెంట్ల స్థలంలో ఇల్లు, వాన నీళ్ళు, కూరగాయలు

ఈ పాఠం వీడియోలో కొలతలు నేల మీద ముగ్గుపిండితో గీసి చూపించాను. వీడియోలో లెక్కలు వేగంగా వెళ్ళిపోతాయి కాబట్టి, రాసుకోవడానికి వీలుగా ఇక్కడ వివరంగా పెడుతున్నాను.

మా చిలమత్తూరు మండలంలో ఇప్పుడు కొత్త ఇళ్ళు బాగా లేస్తున్నాయి. 44వ నంబరు జాతీయ రహదారి మా పక్కనుంచే పోతుంది, బెంగళూరు దగ్గర. కొడికొండ చెక్‌పోస్టు వైపు వెళ్తే లేఅవుట్ల బోర్డులు వరసగా కనిపిస్తాయి. పిల్లలు బెంగళూరులో సంపాదించి ఊర్లో తల్లిదండ్రులకు ఇల్లు కట్టిస్తున్నారు. సంతోషమే. కానీ ఇల్లు పూర్తయ్యేసరికి కాంపౌండు లోపల ఒక్క అడుగు మట్టి కూడా మిగలడం లేదు. చుట్టూ సిమెంటు, లేదంటే టైల్స్. డబ్బున్నవాళ్ళయితే ముందు లాన్ వేస్తున్నారు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. పొలంలో జీవామృతం పోసి రాగులు, కందులు పండించే రైతే, సంతకు పోయి మందులు కొట్టిన కరివేపాకు, కొత్తిమీర, మిరపకాయ కొని తెచ్చుకుంటున్నాడు. పాత మట్టి మిద్దె పడగొట్టినప్పుడు దానితోపాటు పెరడు కూడా పోయింది. పెరట్లో అవ్వ పెంచిన చిక్కుడు పాదు, దొండ పందిరి, ఆ విత్తనం కూడా పోయాయి. మోడ్రన్ ఇల్లు వద్దని నేను అనను. ఇంజనీరు గీసిచ్చే ప్లానులో పెరడుకు కూడా గది ఇచ్చినట్టు చోటు ఇవ్వండి అంటున్నా.

ముందు నీళ్ళ లెక్క

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అందులో మిగతా నెలల కంటే ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. 2022లో మనది శ్రీ సత్యసాయి జిల్లా అయింది కానీ వాన లెక్క మారలేదు కదా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 33 అడుగులు, 66 అడుగుల స్థలం సరిగ్గా 5 సెంట్లు. అందులో 25 అడుగులు, 40 అడుగుల ఇల్లు కడితే మిద్దె 1,000 చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. 93ను 550తో గుణిస్తే 51 వేల లీటర్లు దాటుతుంది. ఆవిరైపోయేవి, చిందిపోయేవి ఐదో వంతు తీసేసినా 41 వేల లీటర్లు మన మిద్దె మీదనుంచి దిగుతాయి. ఇప్పుడు ఆ నీళ్ళన్నీ గొట్టంలోంచి సిమెంటు మీద పడి, వీధిలోకి పోయి, మురికి కాలువలో కలుస్తున్నాయి. అదే ఇంటాయన ఎండాకాలంలో ట్యాంకరుకు ఫోన్ చేస్తాడు.

ఇక లాన్ సంగతి. మండే ఎండల్లో పచ్చిక చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల దాకా తాగుతుంది. 100 చదరపు మీటర్ల లాన్ అంటే రోజుకు 500 లీటర్లు. జల జీవన్ మిషన్ కింద పల్లెలో ఒక మనిషికి రోజుకు లెక్కగట్టింది 55 లీటర్లు. అంటే తొమ్మిది మంది నీళ్ళు ఆ గడ్డి ఒక్కటే తాగేస్తుంది. దాన్ని ఆవు కూడా మేయదు, మేయనివ్వరు. మా నేలకు లాన్ దండగ అని నేను ఎవరికైనా మొహం మీదే చెప్తా.

41 వేల లీటర్లూ నిల్వ చేయాలనుకోవద్దు, అంత సంపు కట్టడానికి ఇల్లు కట్టినంత ఖర్చనిపిస్తుంది. తాగడానికి, వంటకు మాత్రమే చూసుకోండి. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 5 లీటర్ల చొప్పున రోజుకు 25 లీటర్లు. అక్టోబరు మధ్య నుంచి జూన్ మధ్య దాకా 240 రోజులు. మొత్తం 6,000 లీటర్లు. మిద్దె మీద 25 మిల్లీమీటర్ల మంచి వాన ఒకటి పడితే 1,800 లీటర్లు వస్తాయి, నాలుగు వానలకు సంపు నిండిపోతుంది. మన జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. వాన నీళ్ళలో ఆ బాధ లేదు. సీజను మొదటి వాన మిద్దెను కడిగి పోనివ్వండి, ఆ తర్వాత కూడా ప్రతి వానలో మొదటి 100 లీటర్లు బయటకు వదిలే ఏర్పాటు గొట్టానికి పెట్టించండి. గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు పొరల గుండా సంపులోకి దించాలి. సంపుకు వెలుతురు, దోమ రెండూ దూరకూడదు. తాగేముందు కాచుకోండి.

ఇక్కడ చాలామంది అడిగేది, మిద్దె తోట పెట్టుకోవచ్చా అని. తుమ్మేటి రఘోత్తమ రెడ్డి గారి పుణ్యమా అని మిద్దెతోట అనే మాట మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో బాగా పాకింది. పట్నంలో మట్టే లేనివాళ్ళకు అది వరం. మన పల్లెలో నేలంటూ మిగిలితే నేల మీదే ముందు పెంచండి. కుండీలో మట్టి మా గాలికి పూటలో ఎండిపోతుంది, నీళ్ళు పైకి ఎక్కించాలి. రెండో సంగతి బరువు. మనుషులు తిరిగే మామూలు మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కతో డిజైను చేస్తారు. అడుగు మందం తడి మట్టి పోస్తే 500 కిలోలు అవుతుంది. పెట్టాలనుకుంటే కుండీలు గోడల మీదుగా, దూలాల మీదుగా వచ్చేలా పెట్టండి. మూడోది ముఖ్యం: ఎరువు, మట్టి కలిసిన నీళ్ళు తాగే సంపులోకి రాకూడదు. అదే మిద్దె మీద తాగే నీళ్ళూ తోటా రెండూ కావాలంటే కుదరదు. నా ఓటు తాగే నీళ్ళకే. మిద్దెకు ప్రతి ఎండాకాలం ముందు రెండు మూడు పూతలు తెల్ల సున్నం కొట్టించండి, లోపల వేడి తగ్గడం మీకే తెలుస్తుంది.

ఎక్కడ ఏది

మన ఉదాహరణ ఇల్లు తూర్పు ముఖం అనుకుందాం. ముందు 8 అడుగులు, వెనక పడమర 18 అడుగులు, దక్షిణం 5, ఉత్తరం 3 అడుగులు వదిలాం. మిగిలిన నేల 1,178 చదరపు అడుగులు, రెండు ముప్పాతిక సెంట్లకు కొంచెం తక్కువ. తక్కువేం కాదు.

పడమర ఎందుకు ఎక్కువ వదిలామంటే, ఇంటిని కాల్చేది మధ్యాహ్నం తర్వాత ఎండ. మనం ఉన్న చోట ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి పన్నెండు గంటల సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడకు ఎండ పెద్దగా తగలదు. పడమటి గోడకు మాత్రం మూడు గంటల నుంచి పొద్దుగూకేదాకా తగిలి, ఆ వేడి రాత్రి పడకగదిలో దిగుతుంది. అందుకే పడమటి గోడకు ఆనించి 6 అడుగుల వెడల్పు పందిరి వేయండి. మన దగ్గర దొరికే రాతి కూసాలు నాటి పైన తీగ లాగితే కర్రల్లాగా చెదలు పట్టవు. దొండ శాశ్వతంగా ఉంటుంది, దానికి తోడు సీజన్లో బీర, కాకర, చిక్కుడు. ఏసీ కొనే ముందు ఈ పందిరి ఒక ఎండాకాలం చూడండి.

వేప నాకు చాలా ఇష్టం, కానీ 18 అడుగుల పెరట్లో వద్దు. వేపను, కానుగను వీధి వైపు, లేదా పొలం గట్టున పెట్టుకోండి. పెరట్లో ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక నిమ్మ, ఒక సీతాఫలం చాలు. మునగకు గొంగళి పురుగులు పడతాయి, కొమ్మ కూడా పెళుసు. కిటికీ దగ్గర పెట్టొద్దు.

వాస్తు గురించి కచ్చితంగా అడుగుతారు. నీళ్ళ సంపు ఈశాన్యంలో, బరువు నైరుతిలో అంటారు. మన ప్లానుకు అడ్డం ఏమీ లేదు: సంపు ముందు ఈశాన్య మూలన వచ్చింది, చెట్లు పడమరన వచ్చాయి. వంటిల్లు ఆగ్నేయంలోనే అని పట్టుబట్టకుండా వాయవ్యంలో పెట్టుకుంటే మంచిది. దానికీ చాలామంది వాస్తువాళ్ళు ఒప్పుకుంటారు. స్నానాల గది కూడా ఆ పక్కకే వస్తే ఈ రెండింటి నీళ్ళు ఒకే గొట్టంలో పెరట్లోకి దిగుతాయి. ఇల్లు కట్టాక మార్చలేనిది ఇదొక్కటే, కాబట్టి ఇంజనీరుతో గట్టిగా మాట్లాడండి. మరుగుదొడ్డి గొట్టం పూర్తిగా వేరు. అది సెప్టిక్ ట్యాంకుకే.

ఐదుగురి స్నానం, గిన్నెలు, బట్టల నీళ్ళు కలిపి రోజుకు 150 లీటర్లకు తగ్గవు. వాటికి అరటి గుంత తవ్వండి. ఇంటి గోడనుంచి గుంత మధ్యకు 13 అడుగులు ఉండాలి. గుంత 5 అడుగుల వెడల్పు, 2 నుంచి 3 అడుగుల లోతు. తీసిన మట్టిని చుట్టూ గట్టుగా పోసి దాని మీద నాలుగు అరటి పిలకలు, మధ్య మధ్యలో రెండు బొప్పాయి, లోపలి అంచున చేమ నాటండి. గుంత నిండా కొబ్బరి పీచు, కంది కట్టె, ఎండాకు వేయండి. నీళ్ళు పైకి కనపడకూడదు. కనపడితే దోమలు వస్తాయి. అరటి ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 15 నుంచి 20 లీటర్లు తాగుతుంది కాబట్టి నాలుగింటికీ పోను మిగిలినవి పందిరి పాదులకు సరిపోతాయి. సబ్బు, బట్టల పొడి ఎక్కువైతే నేల గట్టిపడుతుంది. తలకు కుంకుడు, సీకాయ, గిన్నెలకు బూడిద వాడే ఇళ్ళల్లో ఈ గుంతలు ఎక్కువ కాలం బాగుంటాయి. ఈ నీళ్ళు ఆకుకూరలకు, ముల్లంగి లాంటి దుంపలకు పెట్టొద్దు.

ఆకుకూరల మడులు వెనక కాదు, ముందు తూర్పు వైపు పెట్టండి. పొద్దున ఎండ తగులుతుంది, మధ్యాహ్నం నుంచి ఇంటి నీడ పడుతుంది. ఏప్రిల్లో కూడా కొత్తిమీర, పాలకూర నిలబడాలంటే ఆ నీడ కావాలి. సంపు నిండి పొర్లిన నీళ్ళు ఈ మడుల్లోకే మళ్ళించండి. బండి వచ్చే దారికి రెండు చక్రాల వెడల్పున తాడిపత్రి బండలు పరిస్తే చాలు, మధ్యలో మట్టి ఉంచండి. గేటు ముందు ఒక పెద్ద బండ ముగ్గుకు వదలండి, లేదంటే ఇంట్లో ఆడవాళ్ళు ఈ ప్లాను మొత్తాన్నీ కొట్టేస్తారు, అందులో తప్పు కూడా లేదు.

ఎత్తు మడులు కాదు, పల్లపు మడులు

చాలా వీడియోల్లో చెక్కలు, ఇటుకలు కట్టి ఎత్తు మడులు చూపిస్తారు. చూడ్డానికి బాగుంటాయి. అవి వాన ఎక్కువై నీళ్ళు నిలిచే ప్రాంతాలకు. మన ఎర్ర గరప నేలలో ఎత్తు మడి అంటే నాలుగు పక్కల నుంచి ఎండే మడి. మనం నడిచే దారి కంటే అర అడుగు లోతుగా, 4 అడుగుల వెడల్పున మడి తీసుకోవాలి. పోసిన చెంబెడు నీళ్ళు కూడా వేరు దగ్గరే ఉంటాయి. అమెరికాలో న్యూమెక్సికో అనే ఎండు రాష్ట్రంలో జూనీ తెగవాళ్ళు మట్టి గట్లు కట్టి చిన్న చిన్న పల్లపు గళ్ళల్లో ఇట్లాగే పంట పెట్టేవాళ్ళు. నీళ్ళు లేని చోట మనిషి ఎక్కడున్నా దాదాపు ఒకే పని చేస్తాడేమో.

మట్టి తయారీ పునాదికి ముందే మొదలవుతుంది. జేసీబీ రాకముందు పై అర అడుగు మట్టి తీసి ఒక మూలన కుప్ప పోయించండి. కూలీలకు చెప్పి సిమెంటు కలిపే చోటు ఒక్కటే ఉండేలా చూడండి. ఇల్లయ్యాక మడులు తీసి ఈ పై మట్టి పరిచి, ఘనజీవామృతం కలపండి. జీవామృతం ఎకరానికి 200 లీటర్లు చేస్తాం కదా. 5 సెంట్లు ఎకరంలో ఇరవయ్యో వంతు, కాబట్టి 10 లీటర్ల నీళ్ళకు అర కిలో నాటు ఆవు పేడ, అర లీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. మన పెరడు రెండు ముప్పాతిక సెంట్లే కాబట్టి సగం ఒకసారి, మిగతా సగం నాలుగైదు రోజులకు పోయండి. వారం దాటనివ్వొద్దు. తొలకరికి ముందు మే నెలలో నవధాన్యాలు చల్లడం రైతు సాధికార సంస్థవాళ్ళు పొలాలకు చెప్తారు. పెరటికీ అదే పని చేస్తుంది. అలసంద, పెసర, జొన్న, గోగు, తోటకూర, ఏదుంటే అది. నలభై ఐదు రోజులకు కూరకు కోసుకున్నంత కోసుకుని మిగతాది కోసి అక్కడే పరవండి.

ఆచ్ఛాదనకు మన దగ్గర రెండు బాగా దొరుకుతాయి: శెనక్కాయ పొట్టు, పట్టు పురుగులకు ఆకు పెట్టాక మిగిలే మల్బరీ కొమ్మలు. కొమ్మలు ముక్కలు చేసి మూడు నాలుగు అంగుళాల మందం వేయండి. పురుగుల షెడ్డులో బ్లీచింగ్, సున్నం చల్లుతారు కాబట్టి షెడ్డు ఊడ్చిన చెత్త నేరుగా మడుల్లో వేయకుండా కొన్నాళ్ళు కుప్పలో మాగనివ్వండి.

పక్కింట్లో పట్టు పురుగులు ఉంటే ఇంకో జాగ్రత్త. మన నీమాస్త్రం, వేప కషాయం మల్బరీ ఆకు మీద పడితే ఆ ఆకు తిన్న పురుగు దెబ్బతింటుంది. వాళ్ళ బ్యాచ్ మొత్తం పోతుంది. గాలి మల్బరీ వైపు వీచేటప్పుడు కొట్టొద్దు, కొట్టే ముందు రోజు పక్కింటివాళ్ళకు ఒక మాట చెప్పండి.