మీటరు నాన్న పేరున ఉంది, సోలార్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది కామారెడ్డి జిల్లా మాచారెడ్డి. నెలకు 350 యూనిట్ల దాకా కాలుతోంది. మీటరు ఇంకా చనిపోయిన మా నాన్న పేరునే ఉంది. అన్న దుబాయిలో ఉంటాడు. 3 కిలోవాట్ల సోలార్‌కు రెండు లక్షలవుతుందని, సబ్సిడీ పోను మిగతాదంతా ముందే కట్టమని ఒక ఏజెంటు అడుగుతున్నాడు. కరెంటు పోయినా ఇంట్లో లైట్లు ఆగవట. నమ్మవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: ఆ ఏజెంటు చెప్పిన చివరి మాట దగ్గరే ఆగండి. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే సోలార్ కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది. బ్యాటరీ ఇస్తానంటే దాని కంపెనీ, సామర్థ్యం, ధర కాగితం మీద రాసివ్వమనండి. బ్యాటరీ ఇవ్వకుండానే లైట్లు ఆగవని చెప్పి అమ్మితే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతి.

ఇక డబ్బు సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు రూ.30 వేలు, మూడో దానికి రూ.18 వేలు, మొత్తం రూ.78 వేలు వస్తాయి. ఈ సొమ్ము సోలార్ బిగించి, తనిఖీ పూర్తయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఏజెంటు చేతికి పోదు. మీ పాస్‌బుక్కు, ఓటీపీ అతనికి ఇవ్వకండి. సోలార్‌కు బ్యాంకులు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి అప్పిస్తున్నాయి. కాబట్టి మొత్తం ముందే కట్టాల్సిన అగత్యం లేదు. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో నమోదైన సంస్థతోనే ఒప్పందం రాసుకుని, పని జరిగిన కొద్దీ చెల్లించండి.

ఈ ఖర్చు మీకు గిట్టుబాటే. 3 కిలోవాట్లు నెలకు 300 యూనిట్లకు పైగా ఇస్తాయి. మీ వాడకంలో చివరి యూనిట్లకు తొమ్మిది రూపాయల చొప్పున కడుతున్నారు కనుక ఐదారేళ్లలో పెట్టుబడి తిరిగి రావాలి. అయితే ఫిక్స్‌డ్ చార్జీ పూర్తిగా పోదు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్న పొరుగువారు మాత్రం మిమ్మల్ని చూసి అప్పు చేసి సోలార్ పెట్టుకుంటే వాళ్లకు మిగిలేదేమీ ఉండదు. ఈ మాట ఏజెంట్లు చెప్పరు, మీరు చెప్పండి.

మీటరు పేరు ముందు మార్పించుకోవాలి. దరఖాస్తులో, బిల్లులో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకటే లేకపోతే సబ్సిడీ దగ్గర చిక్కు వస్తుంది. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం పట్టుకుని కరెంటు ఆఫీసులో దరఖాస్తు చేయండి. పైకప్పు మీద హక్కు ఉమ్మడిది. రేపు పంపకాలప్పుడు తగాదా రాకుండా అన్న సమ్మతి ఇప్పుడే రాతలో తెప్పించుకోండి. గల్ఫ్ నుంచైనా అది సాధ్యమే.

ఆ తర్వాత బాధ్యత విద్యుత్ సంస్థది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం 10 కిలోవాట్ల దాకా ఇంటి సోలార్ దరఖాస్తులను సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు భావించాలి. 5 కిలోవాట్ల లోపైతే లైను బలోపేతం ఖర్చు కూడా మీ మీద వేయకూడదు. బిగించినట్టు ధ్రువపత్రం ఇచ్చాక 15 రోజుల్లో, లైనుకు ఇచ్చిన కరెంటునూ లెక్కించే నెట్ మీటరుతో ప్లాంటు నడవాలి. కారణం లేకుండా జాప్యం చేస్తే పరిహారం అడిగే హక్కు మీకుంది.

ఎవరి మీద ఎక్కడికి పోవాలో తేడా తెలుసుకోండి. మీటరు, బిల్లు, జాప్యం గురించైతే ముందు 1912కు ఫోన్ చేయండి, అక్కడ తేలకపోతే టీజీఎన్‌పీడీసీఎల్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ప్యానెల్ పాడైనా, అమ్మాక చేయాల్సిన ఐదేళ్ల నిర్వహణ ఎగ్గొట్టినా అమ్మినవారి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి.