ఒకే చేలో కరెంటూ, పంటా: సౌరశక్తి పరిశోధనల నుంచి చిన్న రైతు నేర్చుకోవలసింది

"మీ రెండెకరాలు పాతికేళ్లకు మాకివ్వండి. సోలార్ పలకలు పెట్టుకుంటాం. ఏటా కౌలు మీ చేతికొస్తుంది." ఊళ్లోకి ఎవరైనా వచ్చి ఇలా అడిగితే ఏం చెప్పాలి? వానలు లేక, బోరు ఎండి, పెట్టుబడి కూడా తిరిగి రాని చేను అయితే చాలామందికి ఈ మాట బాగానే వినిపిస్తుంది. కానీ పాతికేళ్లంటే ఒక తరం. అన్నాళ్లూ ఆ నేలలో గింజ పండదు. పశువుకు మేత దొరకదు. ఆ చేను మీద బతికే కౌలుదారుకూ, కూలీకీ పని ఉండదు.

సంతకం పెట్టేముందు రైతు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. పలకలు పెట్టినంత మాత్రాన పంట వదులుకోనక్కర లేదని శాస్త్రవేత్తలు నలభై ఏళ్ల కిందటే చెప్పారు. ఆ తర్వాత పొలాల్లో పండించి కూడా చూశారు. వారు చూసినదేమిటి, అందులో మన చేనుకు పనికొచ్చేదేమిటి, ఈ వారం పాఠంలో తెలుసుకుందాం.

బంగాళాదుంపతో మొదలు

జర్మనీలో అడాల్ఫ్ గోట్జ్‌బెర్గర్ అనే శాస్త్రవేత్త 1981లో ఫ్రైబుర్గ్ పట్టణంలో సౌరశక్తి పరిశోధన సంస్థను స్థాపించారు. ఫ్రాన్‌హోఫర్ సంస్థల కుటుంబంలో అదొకటి. ఆయన, తోటి పరిశోధకుడు జాస్ట్రోతో కలిసి, బంగాళాదుంప చేలో పలకలు పెడితే ఎలా ఉంటుందని లెక్క వేశారు. పలకల్ని నేలకు ఆనించకుండా సుమారు 2 మీటర్ల ఎత్తున నిలబెట్టి, వరుసల మధ్య తగినంత ఎడం వదిలితే, మామూలుగా పడే ఎండలో మూడింట రెండు వంతుల దాకా నేలకు అందుతుందని, అదీ చేనంతటా సమంగా పడుతుందని తేల్చారు.

చాలా ఏళ్లు అది కాగితం మీదే ఉండిపోయింది. ఆ రోజుల్లో పలకల ధర ఆకాశంలో ఉండేది. ధర దిగివచ్చాక, 2016లో అదే సంస్థ కాన్‌స్టాన్స్ సరస్సు దగ్గర హెగెల్‌బాఖ్ అనే చోట, రైతులు ఉమ్మడిగా సాగు చేసుకునే పొలంలో 194 కిలోవాట్ల పలకలు పెట్టింది. ట్రాక్టరూ, కోత యంత్రమూ కింద తిరగడానికి వీలుగా 5 మీటర్ల ఎత్తున నిలబెట్టారు. కింద గోధుమ, బంగాళాదుంప, సెలరీ దుంప, పశుగ్రాసం వేశారు.

2017లో పశుగ్రాసం దిగుబడి సుమారు 5 శాతం తగ్గింది. మిగతా పంటలు 18, 19 శాతం దాకా తగ్గాయి. 2018లో అక్కడ వానలు లేక ఎండలు మండిపోయాయి. ఆ ఏడు పలకల కింది బంగాళాదుంప, పక్కనున్న బయలు చేను కంటే 11 శాతం ఎక్కువ పండింది. సెలరీ దుంప 12 శాతం, గోధుమ 3 శాతం ఎక్కువ వచ్చాయి. పశుగ్రాసం మాత్రం 8 శాతం తగ్గింది.

అంటే ఏమిటి? కాలం బాగున్న ఏడు నీడ వల్ల కొంత నష్టం. కరువు ఏడు అదే నీడ పంటను కాపాడింది.

నీడ మనకు కొత్తేమీ కాదు

తమలపాకు తోటలో అవిసె చెట్లు ఎందుకు పెంచుతాం? గోదావరి జిల్లాల్లో కొబ్బరి కింద కోకో ఎందుకు వేస్తాం? నిజామాబాద్ ప్రాంతంలో పసుపులో మొక్కజొన్న ఎందుకు పెడతారు? నారుమడి మీద షేడ్‌నెట్ ఎందుకు కడతాం? పై పంట కింది పంటకు గొడుగు పడుతుంది. సోలార్ పలక కూడా అలాంటి గొడుగే. తేడా ఒక్కటే: చెట్టులా అది నేలలోని నీటినీ, బలాన్నీ లాగదు.

ఆకు ఎంత ఎండనైనా వాడుకోలేదు. ఒక హద్దు దాకానే కాంతితో పిండిపదార్థం తయారు చేసుకుంటుంది. ఆ హద్దు దాటిన ఎండ ఆకును వేడెక్కించడానికే తప్ప దేనికీ పనికిరాదు. వేడెక్కిన ఆకు నీటిని కాపాడుకోవడానికి తన సన్నని రంధ్రాలు మూసుకుంటుంది. అప్పుడు పెరుగుదల ఆగుతుంది. మధ్యాహ్నం పూట మిర్ప, టమాట మొక్కలు తలలు వాల్చడం మనం రోజూ చూసేదే.

అన్ని పంటల హద్దూ ఒకటి కాదు. మొక్కజొన్న, జొన్న, సజ్జ, చెరకు నిండు ఎండను కూడా వాడుకోగలవు. వాటికి నీడ పడదు. ఆకుకూరలు, అల్లం, పసుపు, కొత్తిమీర కొంత నీడను బాగా ఓర్చుకుంటాయి. మిర్ప, టమాట వంటివి వేసవి తీవ్రతలో కొద్దిపాటి నీడను ఇష్టపడతాయి. వరి విషయంలో జాగ్రత్త అవసరం. పొట్ట, ఈనిక దశలో మబ్బు పట్టి ఉంటే తాలు ఎక్కువవుతుందని మన రైతులకు తెలుసు. పలకల నీడ ఎక్కువైనా అదే జరుగుతుంది.

అరిజోనాలో మిర్ప

అమెరికాలోని అరిజోనా మన అనంతపురం కంటే ఎండ తీవ్రంగా ఉండే ఎడారి ప్రాంతం. అక్కడి విశ్వవిద్యాలయంలో గ్రెగ్ బారన్-గాఫర్డ్ బృందం పలకల కింద మూడు పంటలు పండించి ఫలితాలు 2019లో ప్రచురించింది. చిల్టెపిన్ అనే చిన్న నాటు మిరప, బయట వేసిన దానికంటే మూడు రెట్లు కాసింది. చిన్న టమాట రెండు రెట్లు కాసింది. హాలపీనో మిరప దిగుబడి రెండు చోట్లా దాదాపు సమానమే, కానీ నీడలో ఉన్న మొక్కలు ఆకుల ద్వారా పోగొట్టుకున్న నీరు 65 శాతం తక్కువ. రెండు రోజులకోసారి తడి ఇచ్చినప్పుడు నీడ కింద నేలలో తేమ బయటకంటే 15 శాతం ఎక్కువగా నిలిచింది.

పంట వల్ల పలకకూ మేలు జరిగింది. పలక వేడెక్కితే కరెంటు తగ్గుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం నష్టం. కింద పచ్చని పైరు ఉంటే ఆకులు వదిలే తేమకు చల్లబడి పలకల వేడి పగటిపూట సుమారు 9 డిగ్రీలు తగ్గింది. వేసవి నెలల్లో నూటికి 3 యూనిట్లు అదనంగా వచ్చాయి.

అయితే అరిజోనా ఫలితాన్ని యథాతథంగా మన చేనుకు అన్వయించుకోరాదు. అక్కడ గాలి పొడి. మన కోస్తాలో, వానకాలంలో తేమ ఎక్కువ. పలకల కింద ఆకు తడి ఆరకపోతే తెగుళ్లు పెరిగే ప్రమాదం ఉంది. వానకాలంలో మొక్కల మధ్య ఎడం పెంచుకోవాలి.

లాభం లెక్క ఎలా వేయాలి?

అంతర పంటల లెక్కే ఇక్కడా పనికొస్తుంది. వేరుశనగ ఒక్కటే వేస్తే ఎకరాకు 8 క్వింటాళ్లు, కంది ఒక్కటే వేస్తే 4 క్వింటాళ్లు వస్తుందనుకుందాం. రెండూ కలిపి వేసినప్పుడు వేరుశనగ 6, కంది 2 క్వింటాళ్లు వచ్చాయనుకోండి. వేరుశనగ 75 శాతం, కంది 50 శాతం. మొత్తం 125. అంటే ఒక ఎకరం ఎకరంపావు పని చేసింది.

ఫ్రాన్స్‌లో మోంపెలియే పరిశోధకుడు క్రిస్టియాన్ డ్యుప్రాజ్ చెట్ల మధ్య పంటలు వేసే పద్ధతి మీద పనిచేసినవారు. ఆయన బృందం 2011లో పలకల్ని చెట్లుగా భావించి ఇదే లెక్క కట్టింది. పలకలు పలచగా పెట్టడం, చిక్కగా పెట్టడం అనే రెండు పద్ధతుల్లో భూమి ఉత్పాదకత 35 నుంచి 73 శాతం పెరగవచ్చని అంచనా వేసింది. హెగెల్‌బాఖ్‌లో 2017లో పంట, కరెంటు కలిపి 160 శాతం తేలింది. కరువొచ్చిన 2018లో 186 శాతం.

మన దేశంలో జోధ్‌పూర్‌లోని కేంద్ర మెట్ట ప్రాంత పరిశోధన సంస్థ 105 కిలోవాట్ల పలకల మధ్య పెసర, జీలకర్ర వంటి పంటలు పండించి చూసింది. పలకల మీద పడిన వాననీటిని కాలువల ద్వారా తొట్టిలోకి మళ్లించి, దుమ్ము కడగడానికీ, పంటకు తడి ఇవ్వడానికీ వాడారు. ఈ ఉపాయం మన మెట్ట ప్రాంతాలకు బాగా పనికొస్తుంది.

ఖర్చు సంగతి

ఇక్కడే చిన్న రైతు ఆగి ఆలోచించాలి. మామూలు పద్ధతిలో ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు పడుతుంది. పంట కోసం ఎత్తు పెంచి, ఎడం వదిలితే ఇనుముకూ పునాదులకూ ఖర్చు పెరుగుతుంది. ఒక్క రైతు భరించేది కాదు.

గుజరాత్ ఖేడా జిల్లా ధుండి గ్రామంలో ఆరుగురు రైతులు ఇంకో దారి పట్టారు. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థలో తుషార్ షా బృందం సలహాతో సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. 2016లో మిగులు కరెంటును యూనిట్ రూ. 4.63 చొప్పున, పాతికేళ్ల ఒప్పందంతో డిస్కంకు అమ్మడం మొదలుపెట్టారు. పరికరాల ఖర్చులో ఎక్కువ భాగం పరిశోధన నిధుల నుంచే వచ్చిందన్నది మరచిపోరాదు. అయినా అందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది. సోలార్ పంపు పగలంతా ఉచితంగా తిరుగుతుంది కనుక నీళ్లు అవసరానికి మించి తోడేసే ప్రమాదం ఉంది. మిగిలిన కరెంటుకు ధర వస్తే రైతు తనంతట తానే మోటారు ఆపుతాడు. బోరులో నీరు మిగులుతుంది, చేతికి డబ్బూ వస్తుంది.

సంతకానికి ముందు

జపాన్‌లో వ్యవసాయ శాఖ 2013లో సాగుభూమి మీద పలకలకు అనుమతిస్తూ ఒక షరతు పెట్టింది. కింద పంట తప్పక పండించాలి, దిగుబడి ఆ ప్రాంతపు సగటులో 80 శాతానికి తగ్గకూడదు. మన రైతు తన ఒప్పందంలో ఇలాంటి షరతు తానే అడగవచ్చు.

* పలకల ఎత్తు ఎంత, వరుసల మధ్య ఎడం ఎంత, కింద సాగు హక్కు ఎవరిది అన్నది కాగితం మీద రాయించుకోవాలి. నోటి మాట చాలదు.
* కనీసం మనిషి నిలబడి పని చేసుకునేంత ఎత్తు ఉండాలి. అరక గానీ, చిన్న ట్రాక్టర్ గానీ తిరగాలంటే ఇంకా ఎక్కువ కావాలి.
* కౌలు ఏటా ఎంత పెరుగుతుంది, ఆలస్యమైతే ఏం చేస్తారు, గడువు తీరాక స్తంభాలు, పునాదులు ఎవరు పీకి నేల చదును చేస్తారు అన్నవి ముందే తేల్చుకోవాలి.
* పట్టాదారు పాసుపుస్తకం మీద అప్పు తెచ్చుకునే హక్కు ఎవరికీ రాసివ్వకూడదు.
* పలకలు కడగడానికి నీరు మీ బోరు నుంచా, వారి ట్యాంకర్ నుంచా అడగాలి.
* పలకల అంచు నుంచి జారే వాన ఒకే చోట పడి నేలను కోసేస్తుంది. అక్కడ చిన్న కాలువ గానీ, గడ్డి వరుస గానీ ఏర్పాటు చేయాలి.
* పొలం సాగు చేస్తున్న కౌలుదారు ఉంటే అతన్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఒప్పందం కాపీని తెలుగులో రాయించి, తెలిసిన వకీలుకు చూపించి, ఇంట్లో ఆడవాళ్లతో, పిల్లలతో మాట్లాడాకే సంతకం పెట్టండి. నీడ ఏ పంటకు పడుతుందో తేల్చుకోవాలనుకునే రైతులు ముందుగా ఐదు సెంట్లలో షేడ్‌నెట్ పందిరి వేసి, పక్కనే బయలు మడిలో అదే విత్తనం వేసి చూడాలి. రెండింట్లో తడి ఎన్నిసార్లు ఇచ్చారు, ఎన్ని కిలోలు కోశారు అన్నది పుస్తకంలో రాసుకోండి. మీ నేలలో మీరు చేసిన ఆ లెక్కే, రేపు ఒప్పందం మాట్లాడేటప్పుడు మీకు అండ.